సామాజిక సంస్థల్లో ద్వితీయ శ్రేణి నాయకుల ఎదుగుదలకు ఏం చేయాలి?

సామాజిక ప్రయోజనం కోసం కొత్తగా సంస్థ పెట్టాలనుకునేవారికి హైదరాబాద్‌లో ఆసరాకు కొదవ లేదు. స్టార్టప్‌ల కోసం 2015లో మొదలైన టీ-హబ్, మహిళా వ్యవస్థాపకుల కోసం 2018లో ఏర్పడిన వీ-హబ్, రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ (నార్మ్)లో వ్యవసాయ స్టార్టప్‌లకు అండగా నిలిచే ఏ-ఐడియా వంటివి తొలి అడుగులు వేసేవారికి చేయూతనిస్తున్నాయి. అయితే సంస్థ నిలదొక్కుకున్నాక దాని బరువును రోజూ మోసేవారు వేరే ఉంటారు. పది పన్నెండేళ్ల అనుభవం గడించి, కార్యక్రమాల అధిపతులుగా, నిర్వహణ బాధ్యులుగా, జిల్లా సమన్వయకర్తలుగా పనిచేస్తున్న ఈ ద్వితీయ శ్రేణి నాయకుల ఎదుగుదల గురించి ఆలోచించేవారు తక్కువ. క్షేత్రం గురించి వ్యవస్థాపకుల కంటే వీరికే ఎక్కువ తెలిసినా చివరి మాట మాత్రం వీరిది కాదు. అందుకే నలభై ఏళ్లు వచ్చేసరికి చాలామంది ఏదో ఒక కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) విభాగంలోనో, పెద్ద ఫౌండేషన్‌లోనో చేరిపోతున్నారు. వీరిని నిలుపుకోవాలని, ఎదగనివ్వాలని మనస్ఫూర్తిగా కోరుకునే వ్యవస్థాపకుల కోసం, పాలకమండలి సభ్యుల కోసం ఈ సూచనలు.

మొదట చేయవలసింది నిర్ణయాల పట్టిక. గడిచిన మూడు నెలల్లో సంస్థలో జరిగిన ముఖ్య నిర్ణయాలన్నీ, అంటే ఎవరిని ఉద్యోగంలోకి తీసుకున్నారు, ఏ ధరకు సరుకు కొన్నారు, ఏ ఒప్పందంపై సంతకం చేశారు, ఏ గ్రామంలో పని ఆపేశారు వంటివి ఒక కాగితంపై రాయాలి. ప్రతి నిర్ణయానికి ఎదురుగా దాన్ని ప్రతిపాదించినదెవరు, ఖరారు చేసినదెవరు అనేది నమోదు చేయాలి. ఈ పట్టికను వ్యవస్థాపకులు ఒకటి, ద్వితీయ శ్రేణి నాయకుడు లేదా నాయకురాలు ఒకటి విడివిడిగా తయారుచేసి, తర్వాత కలిసి కూర్చుని పోల్చుకోవాలి. రెండు పట్టికలూ ఎక్కడ కలవలేదో అక్కడే అసలు సంభాషణ మొదలవుతుంది. వార్షిక పనితీరు సమీక్షలో బయటపడని విషయాలు ఇక్కడ బయటపడతాయి.

ఆ తర్వాత కొన్ని నిర్ణయాలను డబ్బుతో సహా అప్పగించాలి. జహీరాబాద్ ప్రాంత రైతుల దగ్గర కొర్రలు కొని, శుభ్రపరచి నగరంలో అమ్మే సంస్థ ఒకటి ఉందనుకుందాం. పంట చేతికొచ్చిన రోజున రైతుకు నగదు కావాలి. వ్యాపారి ఆ నగదుతో నేరుగా కల్లం దగ్గరికే వస్తాడు. కొనుగోళ్ల బాధ్యురాలు క్వింటాలుకు వంద రూపాయలు పెంచడానికి నగరంలోని కార్యాలయానికి ఫోన్ చేసి, అనుమతి వచ్చేదాకా ఎదురుచూస్తే అప్పటికి బస్తాలు లారీ ఎక్కేసి ఉంటాయి. సీజన్ మొత్తానికి ఇంత సొమ్ము, ధరలో ఇంత హెచ్చుతగ్గుకు అధికారం ఆమెదే అని ముందుగా పాలకమండలి తీర్మానం చేసి, రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆమె తీసుకున్న నిర్ణయం వల్ల కొంత నష్టం వచ్చినా సిబ్బంది ముందు దాన్ని తిరగదోడకూడదు. ఒక్కసారి అలా జరిగితే ఆమె మళ్లీ ప్రతిదానికీ ఫోన్ చేయడం మొదలుపెడుతుంది, ఇచ్చిన అధికారం కాగితానికే పరిమితమవుతుంది.

అధికారం ఇచ్చాక లెక్కలు నేర్పాలి. క్షేత్రం నుంచి ఎదిగినవారికి ఆదాయ వ్యయాల పట్టిక చూపిస్తారు కానీ ఆస్తి అప్పుల పట్టీని (బ్యాలెన్స్ షీట్) చాలా సంస్థల్లో దాచి ఉంచుతారు. ఇది సరికాదని నా గట్టి అభిప్రాయం. ప్రతి నెలా ఒక పూట సంస్థ నగదు రాకపోకలను వారితో కలిసి చూడాలి. కేంద్ర ప్రభుత్వ ‘ఉద్యం’ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తి సంస్థల నుంచి సరుకు తీసుకున్న కొనుగోలుదారు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బకాయి పెట్టకూడదని 2006 నాటి చట్టం చెబుతోంది. ఇది తెలిసిన నిర్వహణాధికారి బకాయి అడిగే తీరే వేరుగా ఉంటుంది.

విరాళాల నియమాలూ అంతే. కంపెనీల చట్టం 135వ సెక్షన్ వర్తించే కంపెనీ తన గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. అందులో పాలనా వ్యయం 5 శాతం దాటకూడదనే పరిమితి కంపెనీ సొంత నిర్వహణ ఖర్చుకు సంబంధించినది. దాన్ని అమలుచేసే సంస్థకు అంటగట్టి, సిబ్బంది శిక్షణ పద్దును కొట్టివేయడం తరచూ జరుగుతుంటుంది. ప్రతిపాదన చర్చల్లో కూర్చునే మీ ద్వితీయ శ్రేణి నాయకులకు ఈ తేడా తెలిసి ఉండాలి. విదేశీ విరాళాల సంగతి వేరు. అక్కడ పాలనా వ్యయ పరిమితిని 2020లో 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు కాబట్టి, నాయకత్వ వికాసానికి అయ్యే ఖర్చును ఏ నిధి నుంచి పెట్టాలో ఆర్థిక సంవత్సరం మొదట్లోనే తేల్చుకోవాలి.

కోర్సుల విషయానికొస్తే, ఊరు దాటి వెళ్లవలసిన అవసరం అంతగా ఉండదు. నిర్వాహకులకు శిక్షణనిచ్చే, 1956లో ఏర్పడిన ఆస్కీ, గచ్చిబౌలిలోని బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ, చిన్న పరిశ్రమల శిక్షణకు యూసుఫ్‌గూడలోని ని-ఎంఎస్ఎంఈ, రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ మేనేజ్, జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఇక్కడే ఉన్నాయి. ముందు చేతిలో పరిష్కరించవలసిన సమస్య ఉండాలి, ఆ తర్వాతే కోర్సు ఎంచుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది సాటివారి బృందం. వేర్వేరు సంస్థల నుంచి ఆరుగురో ఏడుగురో నెలకొక పూట కలిసి, ఒక్కొక్కరు తమను సతమతం చేస్తున్న ఒక సమస్యను చెప్పుకోవాలి. మిగతావారు సలహాకు తొందరపడకుండా మొదట ప్రశ్నలు అడగాలి. వ్యవస్థాపకులకు ఆ గదిలో చోటు ఉండకూడదు, అక్కడి మాట బయటికి రాకూడదు. నగరం నలుమూలల నుంచి రావాలి కాబట్టి మెట్రో మార్గాలు కలిసే అమీర్‌పేట్ వంటి చోటు అనుకూలం. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ ఏది నోటికొస్తే అందులో మాట్లాడే వీలుండాలి. పదేళ్లు గ్రామాల్లో తిరిగి, సంఘాలను నిలబెట్టిన మనిషి పాలకమండలి సమావేశంలో ఇంగ్లిష్ ధాటికి వెనకడుగు వేసి మౌనంగా కూర్చోవడం ఎంతో బాధ కలిగించే విషయం. పాలకమండలికి ఇచ్చే నివేదికను తెలుగులో వినిపించమని అధ్యక్షులే ముందుగా చెబితే ఆ మౌనం వీడుతుంది.

ఏడాదికొకసారి వ్యవస్థాపకులు నెల రోజులు పూర్తిగా సెలవుపై వెళ్లడం కూడా ఈ పనిలో భాగమే. ఆ నెలలో చెక్కులపై సంతకం, దాతలతో మాట, సిబ్బంది తగాదాల పరిష్కారం అన్నీ ద్వితీయ శ్రేణి నాయకుల చేతుల్లోనే ఉండాలి. తిరిగి వచ్చాక జరిగిన తప్పులను ఏకరువు పెట్టకుండా, ఏ పనులు ఇకపై శాశ్వతంగా వారికే వదిలేయవచ్చో మొదట అడగాలి.

జీతం సంగతి దాటవేయకూడదు. సేవాభావం పేరుతో తక్కువ జీతాన్ని సమర్థించుకోవడం అన్యాయం. అదే బాధ్యతకు నగరంలోని ఇతర సంస్థలు ఎంత ఇస్తున్నాయో రెండేళ్లకొకసారి వాకబు చేసి, తేడా ఎంత ఉందో వారికి దాపరికం లేకుండా చెప్పాలి. ఇన్ని చేసినా కొందరు వెళ్లిపోతారు. పది మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో ఐదేళ్లు నిండినవారికి గ్రాట్యుటీ చట్టబద్ధమైన హక్కు కాబట్టి దాన్ని 30 రోజుల్లోగా చెల్లించి, వారు సాధించినవి వివరంగా రాసిన అనుభవపత్రం చేతికివ్వాలి. ఒకటి రెండేళ్ల తర్వాత పాలకమండలిలో ఖాళీ ఏర్పడినప్పుడు మొదట పరిశీలించవలసిన పేర్లలో వారి పేరూ ఉండాలి.