పత్తి కట్టెలు, సుతిలి తాడు, ఒక గంట: తొమ్మిదో తరగతితో థింగ్, వెచె ఆడించడం ఎలా

పరకాల పక్కన ఒక ఊళ్లో సోషల్ చెబుతాను. "రాజ్యం ఎట్లా పుట్టింది?" అని అడిగితే మా పిల్లలు ఖిలా వరంగల్ తోరణం పేరే చెబుతారు. వాళ్ల తప్పు లేదు, చుట్టూ ఉన్నవన్నీ కాకతీయుల గుళ్లు, చెరువులే. కోట కట్టకముందు ఏముంటుందో చూపించడానికి నేను వాళ్లను ఉత్తర యూరప్‌కు తీసుకుపోతాను. స్కాండినేవియా వాళ్లకు 'థింగ్', రష్యాలోని నొవ్‌గొరొద్ నగరపు స్లావులకు 'వెచె'. రెండూ జనం కూడి తగవులు, నిర్ణయాలు తేల్చుకున్న సభలు. పాఠంగా చదివితే నిద్రపోతారు, అందుకే ఆడిస్తాను.

వరసగా రెండు పీరియడ్లు కావాలి, పీఈటీ సారును బతిమాలుకోండి. చేనులో పీకేసిన పత్తి కట్టెలు ఎనిమిది, సుతిలి తాడు ఒక ఉండ, మధ్యాహ్న భోజనం ప్లేట్లు, ఒక గంట. గదిలో వద్దు, చెట్టు కిందికి రండి. ఐస్‌లాండ్ సభ అల్‌థింగ్‌కు కూడా కప్పు లేదు. 930 ప్రాంతంలో మొదలైన ఆ సభ థింగ్‌వెల్లిర్‌లో, లావా బండల పక్కన, ఏటా వేసవిలో ఆరుబయటే జరిగేది.

ముందు 'చట్టం చెప్పేవాడి'ని ఎన్నుకోండి. ఐస్‌లాండ్‌లో మొదట్లో చట్టం రాతలో లేదు. ఈ మనిషి ఏడాదికి మూడో వంతు చొప్పున మూడేళ్లలో మొత్తం సభ ముందు నోటితో చెప్పాలి. రాయడం మొదలైంది 1117-18 చలికాలంలో. మీరు క్లాసు రూల్స్ పన్నెండు ముందు రోజే ఒకరికిచ్చి కంఠతా పట్టమనండి, తెల్లారి కాగితం లాక్కోండి. మొదటి ఏడాది నేను క్లాస్ ఫస్ట్ వచ్చే అమ్మాయికిచ్చాను. గడగడా అప్పజెప్పింది, పాఠం అక్కడే చచ్చింది. మరుసటి ఏడు వెనక బెంచీవాడికిచ్చాను. హోంవర్క్ రూల్ దగ్గరికి రాగానే వాడు దాన్ని చక్కగా 'మర్చిపోయాడు'. సగం మంది "సార్, ఒకటి మింగిండు" అని లేచారు. మిగతా సగం "అసలు అట్లాంటి రూలే లేదు సార్" అని ఒట్టేసినంత పని చేశారు. చట్టం ఒకడి నోట్లో ఉంటే ఏమవుతుందో నేను విడిగా చెప్పాల్సిన పని పడలేదు.

అమ్మాయిలను పక్కన కూర్చోబెట్టకండి. అయితే అక్కడ ఆడవాళ్లు న్యాయం తీర్చే చోట కూర్చునేవాళ్లు కాదని, బానిసలకు సభలో మాటే లేదని దాచకుండా చెప్పండి. ఒప్పుకుంటే చేతులెత్తడం కాదు, ప్లేట్లు మోగించాలి. వాళ్లు ఆయుధాలు ఆడించి సమ్మతి తెలిపేవాళ్లు. పక్క క్లాసు టీచరుకు ముందే ఒక మాట చెప్పి పెట్టుకోండి.

ఇక తాడు. అసలు పాఠం ఇక్కడే ఉంది. ఐస్‌లాండ్ వాళ్ల పాత కథ, ఎగిల్ అనే వీరుడి 'ఎగిల్ సాగా'లో నార్వేలోని గులథింగ్ సభ కనిపిస్తుంది. హేజెల్ చెట్టు కట్టెలు గుండ్రంగా పాతి, చుట్టూ తాడు కడతారు. లోపల 36 మంది న్యాయనిర్ణేతలు. ఎగిల్ తన భార్య వాటా కోసం వాదిస్తుంటాడు. రాణి గున్‌హిల్ద్ ఉసిగొల్పగానే ఆమె మనిషి వచ్చి తాడు తెంపేస్తాడు, కట్టెలు విరగ్గొడతాడు. సభ చెదిరిపోతుంది. ఇది 13వ శతాబ్దంలో, సంగతి జరిగిందన్న మూడు వందల ఏళ్లకు రాసిన కథ, కాబట్టి కోర్టు రికార్డులా చదవొద్దని పిల్లలకు చెప్పండి.

మీరు చేయాల్సింది: పత్తి కట్టెలు అట్లాగే పాతి సుతిలి కట్టి, లోపల ఒక తగవు నడిపించండి. ఒకడిని పక్కకు పిలిచి 'రాజు మనిషి'ని చేసి, తగవు మంచి పట్టులో ఉన్నప్పుడు తాడు తెంపమనండి. తెంపాక మీరు నోరు తెరవొద్దు. పోయినేడు ఇట్లా నడిచింది:

"రాజుకు చెప్దాం రా!"

"వాడు రాజు మనిషే కదరా!"

ఈ మాట వాళ్ల నోటి నుంచి వచ్చాకే చర్చ మొదలుపెట్టండి. తాడు మళ్లీ ఎవరు కట్టాలి? ఐస్‌లాండ్‌లో రాజు లేడు, గెలిచినవాడే తన తీర్పును తాను అమలు చేయించుకోవాలి. బలం లేనివాడు గెలిచినా ఓడినట్టే. నార్వేలో తర్వాతి రాజులు తాడు తెంపడం మాని, దాన్ని తామే కట్టడం నేర్చారు. మాగ్నుస్ రాజు 1274 నుంచి ఒక్కొక్క థింగ్ చేతా దేశానికంతా ఒకే చట్టాన్ని ఒప్పించాడు. సభ ఉంది, కానీ ఇప్పుడది రాజు చట్టం చదివే సభ. రాజ్యం పుట్టడమంటే నా లెక్కలో ఈ మార్పే. 'అది ప్రజాస్వామ్యమా కాదా' అని గంటసేపు వాదించుకోవడం కంటే తాడు ఎవరి చేతిలో ఉందో చూడటం మేలు.

స్లావుల వైపు, ఇప్పటి ఈశాన్య జర్మనీలో ఉండిన ల్యుతిచి తెగల సంగతి ఒక్క నిమిషంలో చెప్పేయండి. వాళ్లకు ఒక్క ప్రభువంటూ లేడు, అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం, అడ్డం తిరిగినవాడిని సభలోనే కర్రలతో కొట్టేవారని ఆ కాలపు జర్మన్ బిషప్ థీట్‌మార్ రాశాడు. ఆయనకు వాళ్లంటే గిట్టదు, అది కూడా చెప్పండి. ఇది మాత్రం ఆడించకండి, మన దగ్గర కట్టెలున్నాయి.

నొవ్‌గొరొద్‌కు టైం ఉంచుకోండి. 1136లో ఆ ఊరివాళ్లు తమ రాజు వ్సేవొలోద్‌ను పట్టుకుని, పెళ్లాం పిల్లలతో, అత్తగారితో సహా బిషప్ ఇంటి ఆవరణలో పెట్టి, రోజుకు ముప్పై మంది ఆయుధాలతో కాపలా కాశారు. ఆరోపణల్లో ఒకటి, యుద్ధంలో అందరికంటే ముందు పారిపోయాడని. అత్తగారి దగ్గర క్లాసు నవ్వకుండా ఉండదు, నవ్వనివ్వండి. తర్వాత రాజులు వచ్చారు, ఊరు పెట్టిన షరతులకు ఒప్పుకుని వచ్చారు. సభ నిజంగా అందరిదా, బొయార్లనే పెద్ద కుటుంబాలదా అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు.

1478లో మాస్కో నుంచి మూడో ఇవాన్ వచ్చి, జనాన్ని సభకు పిలిచే వెచె గంటను దింపించి తీసుకుపోయాడు. దీన్ని చూపించడానికి నేను మొదటిసారి మా బడి గంటనే, అంటే వేలాడే రైలు పట్టా ముక్కనే, 'ఇవాన్' చేత దాపించాను. వాడు మరీ గట్టిగా దాచాడు. ఆఖరి పీరియడ్ అయిపోయినా బెల్లు లేదు. మూడు క్లాసులు కూర్చునే ఉన్నాయి, ఊరి బస్సు వెళ్లిపోయింది, నాకు హెడ్మాస్టర్ గదిలో చీవాట్లు. ఇప్పుడు ఇంటి నుంచి పూజ గంట తీసుకెళ్తున్నాను. దాన్ని ఎత్తుకుపోతే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, అందుకే ఆ సీను చప్పగా పోతోంది. మీ హెడ్మాస్టర్ ఒప్పుకుంటే పట్టా ముక్కనే దాచండి, బస్సు టైం చూసుకుని.