యాప్ డెవలప్‌మెంట్‌కు ఫోన్ ఎంపిక: అప్‌డేట్‌ల సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవారు ఫోన్ మార్చాలనుకోవడానికి చెప్పే కారణాలలో కొన్ని కేబుల్ మారిస్తే తీరిపోతాయి, కొన్ని ఎమ్యులేటర్‌తో (కంప్యూటర్‌లో నడిచే నకలు ఫోన్) తీరిపోతాయి, మిగిలిన కొన్నింటికి మాత్రమే నిజంగా కొత్త ఫోన్ అవసరమవుతుంది. అందువల్ల దుకాణానికి వెళ్లే ముందు ఎదురైన లక్షణం ఏమిటి, దాని మూలం ఎక్కడ ఉంది అన్నది తేల్చుకోవాలి. ఈ వ్యాసం అదే వరుసలో సాగుతుంది.

లక్షణం: కంప్యూటర్‌కు కలిపినా ఆండ్రాయిడ్ స్టూడియోలో ఫోన్ పేరు కనిపించదు

యాప్‌లు రాయడానికి వాడే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఫోన్ కనిపించకపోవడానికి ఫోన్ లోపమే కారణం కావడం అరుదు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చి డేటా పంపలేని కేబుల్ ఇందుకు తరచుగా కారణమవుతుంది కనుక, ముందుగా ఫోటోలను కాపీ చేయగలుగుతున్న కేబుల్‌తో ప్రయత్నించాలి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లోని బిల్డ్ నంబర్‌పై ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్‌ను తెరిచి, కంప్యూటర్ నుంచి యాప్‌ను ఎక్కించి పరీక్షించనిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్‌ను ఆన్ చేయాలి. పరికరాల జాబితాలో ఫోన్ పేరు పక్కన ‘అన్‌ఆథరైజ్డ్’ అని ఉంటే, ఫోన్ తెర మీద అనుమతి అడుగుతున్న పెట్టెను మీరు గమనించలేదని అర్థం. విండోస్ వాడేవారికి కంపెనీ డ్రైవర్ కూడా కావలసి రావచ్చు. ఆండ్రాయిడ్ 11 నుంచి వైర్‌లెస్ డీబగ్గింగ్ సదుపాయం ఉంది కనుక, ఛార్జింగ్ పోర్ట్ అరిగిపోయినంత మాత్రాన ఫోన్‌ను పక్కన పడేయనవసరం లేదు.

ఫోన్ కనిపిస్తున్నా యాప్ మాత్రం ఇన్‌స్టాల్ కాకపోతే, డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ ద్వారా ఇన్‌స్టాల్ చేయడానికి వేరే స్విచ్ ఉందేమో చూడాలి. కొన్ని కంపెనీలు దీనిని విడిగా పెట్టి, ఆన్ చేయాలంటే తమ ఖాతాతో లాగిన్ కావాలని షరతు విధిస్తాయి. రోజుకు పదిసార్లు బిల్డ్ (కొత్తగా తయారుచేసిన యాప్) ఎక్కించేవారికి ఇది చిన్న చిరాకు కాదు. కొనే ముందు అదే మోడల్ వాడుతున్న వారిని అడిగి తెలుసుకోవడం మేలు.

లక్షణం: ఫోన్ కొని రెండేళ్లు కాకముందే కొత్త ఆండ్రాయిడ్ రావడం ఆగిపోయింది

అప్‌డేట్‌ల హామీని తప్పుగా చదవడమే ఇక్కడ అసలు కారణం. పెట్టె మీద, ప్రకటనలలో కనిపించే సంఖ్య రెండు వేర్వేరు విషయాలను చెప్పవచ్చు. ఒకటి, ఎన్ని ఆండ్రాయిడ్ వెర్షన్లు వస్తాయన్నది. రెండోది, ఎన్నేళ్ల పాటు సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాల సవరణలు) వస్తాయన్నది. మామూలు వినియోగదారుడికి రెండోది చాలు. యాప్ రాసేవారికి మాత్రం కొత్త వెర్షన్‌లో వ్యవస్థ ప్రవర్తన ఎలా మారిందో చూడవలసిన అవసరం ఉంటుంది కనుక, మొదటి సంఖ్యే ముఖ్యం.

ఇంకొక మెలిక ఏమిటంటే, ఈ గడువు మందు సీసా మీది తేదీ లాంటిది. మీరు కొన్న రోజు నుంచి కాక, కంపెనీ ఆ మోడల్‌ను మార్కెట్లోకి తెచ్చిన నాటి నుంచే లెక్క మొదలవుతుంది. పిక్సెల్ 8ను గూగుల్ 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ 14తో విడుదల చేసి, ఏడేళ్ల పాటు ఆండ్రాయిడ్ వెర్షన్లు, సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఇస్తానని ప్రకటించింది. అదే ఫోన్‌ను 2026 అక్టోబరులో పండుగ ఆఫర్లో కొన్నవారికి మిగిలేది ఏడేళ్లు కాదు, నాలుగేళ్లే. 2024 జనవరిలో ఆండ్రాయిడ్ 14తోనే వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కు ఏడు తరాల ఆండ్రాయిడ్, ఏడేళ్ల సెక్యూరిటీ ప్యాచ్‌ల హామీ ఉంది. తక్కువ ధర తరగతిలో, అదే ఏడాది చివర్లో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి ఆ కంపెనీ ఆరు తరాల ఆండ్రాయిడ్‌ను, ఆరేళ్ల సెక్యూరిటీని ప్రకటించింది. ఖరీదైన ఫోన్‌కే దీర్ఘకాల అప్‌డేట్‌లు ఉంటాయన్న నమ్మకం కనుక ఇప్పుడు చెల్లదు.

హామీ తర్వాత పెరగడమూ లేకపోలేదు. పిక్సెల్ 6, 7 సిరీస్‌లకు మొదట మూడేళ్ల ఆండ్రాయిడ్ వెర్షన్లే అన్న గూగుల్ ఆ తర్వాత దానిని ఐదేళ్లకు పొడిగించింది. అయితే అలా పెరుగుతుందన్న ఆశతో ఫోన్ కొనడం తెలివైన పని కాదు; రాతపూర్వకంగా ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

హామీలు మోడల్‌కూ మోడల్‌కూ ఇంతగా ఎందుకు మారుతాయి అన్నదానికి జవాబు చిప్ దగ్గర దొరుకుతుంది. కొత్త ఆండ్రాయిడ్‌ను ఒక ఫోన్‌కు తేవాలంటే ఆ చిప్‌కు సంబంధించిన డ్రైవర్లు, కెర్నల్ (వ్యవస్థ మూలభాగం) మద్దతు చిప్ తయారీదారు నుంచి అందాలి. ఆండ్రాయిడ్ 8తో 2017లో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్ ఈ హార్డ్‌వేర్ పొరను మిగతా ఆండ్రాయిడ్ నుంచి విడదీసి పనిని తేలిక చేసింది కానీ, పూర్తిగా తొలగించలేదు. కంపెనీ తన మార్పులను మళ్లీ అతికించి, ప్రతి మోడల్‌పైనా పరీక్షించవలసిందే.

పరిష్కారంగా ఒక చిన్న లెక్క వేసుకుంటే చాలు: విడుదలైనప్పటి వెర్షన్‌కు హామీ ఇచ్చిన వెర్షన్ల సంఖ్యను కలిపి, అందులోంచి నేటి తాజా వెర్షన్‌ను తీసివేయాలి. మిగిలినది మూడు కంటే తక్కువైతే, డెవలప్‌మెంట్‌కు ప్రధాన ఫోన్‌గా దానిని కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

లక్షణం: ‘అప్‌డేట్ వచ్చింది’ అంటుంది కానీ ఆండ్రాయిడ్ వెర్షన్ మారదు

ఫోన్ సమాచారం పేజీలో ఆండ్రాయిడ్ వెర్షన్, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ, గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ తేదీ అని మూడు వేర్వేరు వివరాలు ఉంటాయి. 2019లో ఆండ్రాయిడ్ 10తో మొదలైన ప్రాజెక్ట్ మెయిన్‌లైన్ వల్ల వ్యవస్థలోని కొన్ని భాగాలు ప్లే ద్వారా నేరుగా మారుతుంటాయి కనుక, మూడో తేదీ కొత్తగా ఉన్నా మొదటిది పాతబడే ఉండవచ్చు. కంపెనీ సొంత ఇంటర్‌ఫేస్ వెర్షన్ పెరగడం ఇంకొక సంగతి. పాత ఫోన్ కొంటున్నప్పుడు అమ్మేవారు చూపిన తేదీ ఏదో సరిచూసుకోవాలి.

లక్షణం: నా ఫోన్‌లో తెర సరిగ్గానే ఉంది, కొత్త ఫోన్లలో తెలుగు అక్షరాలు తెగిపోతున్నాయి

తెలుగులో యాప్‌లు చేసేవారు తప్పక తెలుసుకోవలసిన విషయమిది. ఆండ్రాయిడ్ 14 వరకు తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం వంటి నిలువుగా ఎక్కువ చోటు కోరే లిపులకు టెక్స్ట్‌వ్యూ (తెర మీద పాఠాన్ని చూపే భాగం) డిఫాల్ట్‌గా ఎత్తు కుదించిన ఫాంట్‌ను వాడేది. ఆండ్రాయిడ్ 15 నుంచి, యాప్ 35వ ఏపీఐ స్థాయిని (ఆండ్రాయిడ్ 15కు ఉన్న సంఖ్య) టార్గెట్ చేస్తే, అంటే ఆ వెర్షన్ నియమాలకు తగ్గట్టు రాసినట్టు ప్రకటిస్తే, ‘ఎలిగెంట్ టెక్స్ట్ హైట్’ అనే సెట్టింగ్ దానంతట అదే ఆన్ అవుతుంది. చదవడానికి ఇది నిజంగా హాయిగా ఉంటుంది, ఒత్తులకు ఊపిరాడుతుంది. కానీ రెండు వరుసల శీర్షికకు మీరు 48 డీపీ (తెర కొలతల ప్రమాణం) ఎత్తును బిగించి ఉంటే, పెరిగిన వరుస ఎత్తు అందులో పట్టక ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ వంటి మాటల కింది ఒత్తులు కోసుకుపోవచ్చు. ఆ సెట్టింగ్‌ను ఆఫ్ చేసి తప్పించుకుందామంటే, ఆండ్రాయిడ్ 16ను టార్గెట్ చేసిన యాప్‌లలో ఆ సూచనను వ్యవస్థ పట్టించుకోదు. ఎత్తును బిగించకుండా పాఠాన్ని బట్టి పెరిగేలా వదలడమే సరైన పరిష్కారం.

మీ చేతిలోని ఫోన్ ఆండ్రాయిడ్ 13 దగ్గర ఆగిపోయి ఉంటే ఈ లోపం మీకు ఎప్పటికీ కనిపించదు. 35ను టార్గెట్ చేసిన యాప్ ఆండ్రాయిడ్ 15లో స్టేటస్ బార్, నావిగేషన్ బార్ల కింది వరకూ పరుచుకోవడం, దాంతో అడుగున ఉన్న బటన్ నావిగేషన్ బార్ కిందికి పోవడం కూడా ఇటువంటిదే. పోనీ పాత టార్గెట్‌తోనే కొనసాగుదామంటే గూగుల్ ప్లే ఒప్పుకోదు. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లు, అప్‌డేట్‌లు కనీసం 35ను టార్గెట్ చేయాలన్నది నిబంధన, ఈ గీత ఏటా ముందుకు జరుగుతూ వస్తోంది. ఫోన్ మార్చే వీలు లేనివారు లేఅవుట్ పరీక్షలను ఎమ్యులేటర్‌లో చేసుకోవచ్చు. కెమెరా, బ్లూటూత్, బ్యాటరీ వాడకం వంటివాటికి మాత్రం అసలు ఫోన్‌కు ప్రత్యామ్నాయం లేదు.

లక్షణం: ప్లే కన్సోల్ 16 కేబీ పేజీ సైజ్ గురించి హెచ్చరిస్తోంది

ప్లే కన్సోల్ అంటే యాప్‌లను గూగుల్ ప్లేలో పెట్టడానికి డెవలపర్లు వాడే పేజీ. యాప్‌లోని నేటివ్ లైబ్రరీలు (ప్రాసెసర్‌పై నేరుగా నడిచే కోడ్) 4 కేబీ మెమరీ పేజీలకు (మెమరీని పంచే ముక్కలకు) తగ్గట్టుగా కట్టి ఉండటం దీనికి కారణం. నేను సి++ రాయలేదు కదా అనుకోవడానికి లేదు. యాప్‌లు రాసే సాధనమైన ఫ్లట్టర్ ఇంజిన్ కూడా నేటివ్ లైబ్రరీయే. ఎన్‌డీకే (నేటివ్ కోడ్‌ను తయారుచేసే సాధనాల సమాహారం) 28తోనూ, తాజా లైబ్రరీ వెర్షన్లతోనూ మళ్లీ బిల్డ్ చేసి, 16 కేబీ ఎమ్యులేటర్ ఇమేజ్‌లో నడిపి చూడాలి. నిజమైన ఫోన్‌పైనే చూడాలంటే, పిక్సెల్ 8, ఆ తర్వాతి మోడళ్ల డెవలపర్ ఆప్షన్స్‌లో ఇందుకు స్విచ్ ఉంది. దానిని వాడే ముందు డేటాను భద్రపరచుకోవాలి, రోజువారీ ఫోన్‌లో అసలు ప్రయత్నించకపోవడమే మంచిది.

లక్షణం: నా ఫోన్‌లో నోటిఫికేషన్లు వస్తున్నాయి, యూజర్ల ఫోన్లలో రావడం లేదు

మొదట ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు విడిగా అనుమతి అడగాలన్న నియమాన్ని పాటించారా అన్నది చూసుకోవాలి. తర్వాత ఆండ్రాయిడ్ 6 నుంచి ఉన్న డోజ్ స్థితిని (ఫోన్ వాడనప్పుడు యాప్‌ల పనిని ఆపే నిద్ర స్థితి) ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే సాధనం) ఆదేశంతో బలవంతంగా తెప్పించి పరీక్షించాలి. ఈ రెండింటిలోనూ తప్పు లేకపోతే, బ్యాటరీ ఆదా కోసం కంపెనీ సొంతంగా పెట్టిన ఆంక్షలే కారణం కావచ్చు. స్వచ్ఛమైన ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఈ ఆంక్షలు ఉండవు కనుకనే అక్కడ అన్నీ సవ్యంగా కనిపిస్తాయి. అందుకే ఉన్న డబ్బంతా ఒకే ఖరీదైన ఫోన్‌పై పెట్టడం కంటే, దీర్ఘకాల అప్‌డేట్‌లున్న మధ్యస్థ ధర ఫోన్ ఒకటి, మీ యూజర్లు ఎక్కువగా వాడే బ్రాండ్‌లో చవకైన పాత ఫోన్ ఒకటి ఉంచుకోవడం నాకు మెరుగనిపిస్తుంది. ఆ రెండో ఫోన్‌కు అప్‌డేట్‌లు ఆగిపోయి ఉండటం లోపం కాదు, మీ కనీస ఎస్‌డీకే పరిమితి (యాప్ నడిచే అతి పాత ఆండ్రాయిడ్ వెర్షన్) సరైనదో కాదో చెప్పేది అదే.

లక్షణం: అప్‌డేట్ ఆగిన ఫోన్‌లో లీనేజ్ ఓఎస్ వేశాక బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు

లీనేజ్ ఓఎస్ అంటే కంపెనీ ఇవ్వని, బయటివారు తయారుచేసే ఆండ్రాయిడ్; దాన్ని వేయడానికి బూట్‌లోడర్‌ను (ఫోన్‌ను ప్రారంభించే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేయాలి. అలా అన్‌లాక్ చేసిన ఫోన్ ప్లే ఇంటెగ్రిటీ (ఫోన్, యాప్ మార్చబడ్డాయేమో గూగుల్ చూసే) పరీక్షలో నెగ్గకపోవచ్చు, యూపీఐ, బ్యాంకింగ్ యాప్‌లు అలాంటి ఫోన్‌ను తిరస్కరించవచ్చు. అన్‌లాక్ చేయగానే డేటా కూడా చెరిగిపోతుంది. పరీక్షలకు మాత్రమే వాడే రెండో ఫోన్‌కు ఇది చక్కటి మార్గమే గానీ, మీ సిమ్, చెల్లింపులు ఉన్న ఫోన్‌కు కాదు. ఆండ్రాయిడ్ బీటాల (విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చే వెర్షన్లు) విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. బీటా నుంచి మధ్యలో స్థిరమైన వెర్షన్‌కు తిరిగి రావాలంటే ఫోన్‌ను పూర్తిగా తుడిచేయవలసి ఉంటుంది.