ఇంజెక్టర్‌కు నీటి పరీక్ష: నిప్పు పెట్టకముందే తప్పు పట్టుకునే పద్ధతి

హైదరాబాద్‌ కంపెనీ స్కైరూట్‌ 2022 నవంబర్‌ 18న శ్రీహరికోట నుంచి ఎగరేసిన విక్రమ్‌-ఎస్‌ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. అది ఘన ఇంధనపు రాకెట్‌, అందులో ఇంజెక్టర్‌ (ద్రవ ఇంధనాన్ని, ఆక్సిజన్‌ను సన్న రంధ్రాల గుండా మంట గదిలోకి చిమ్మే భాగం) ఉండదు. చెన్నై కంపెనీ అగ్నికుల్‌ 2024 మే 30న ఎగరేసిన అగ్నిబాణ్‌ది ద్రవ ఆక్సిజన్‌తో నడిచే ఇంజిన్‌. అలా ద్రవ ఇంజిన్‌ దారిలో వెళ్లే ఏ చిన్న కంపెనీ అయినా మొదటి మంటకు ముందు ఇంజెక్టర్‌ను నీళ్లతో పరీక్షించి తీరాలి. ఖర్చు తక్కువ, తెలిసేది చాలా ఎక్కువ.

లెక్కకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంధనం వైపు 1 మి.మీ. రంధ్రాలు 12. ఇంధనం మండే గది, అంటే చాంబర్‌లో పీడనం 25 బార్‌ (ఒక బార్‌ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనం). ఇంజెక్టర్‌ దగ్గర పీడనం తగ్గుదల అందులో ఐదో వంతు, అంటే 5 బార్‌ పెట్టుకోండి. ఇది మరీ తగ్గితే చాంబర్‌లో మంట ఊగిసలాట నేరుగా ఇంధన పైపులోకి పాకుతుంది, ఇంజిన్‌ దడదడలాడుతుంది. 5 బార్‌ దగ్గర ఒక్కో రంధ్రం లోంచి నీళ్లు సిద్ధాంతం ప్రకారం సెకనుకు 24.8 గ్రాములు రావాలి. పన్నెండుకు కలిపి 10 సెకన్లలో 2.98 కిలోలు. తూకంలో 2.1 కిలోలే వచ్చాయనుకోండి, ప్రవాహ గుణకం (సిద్ధాంతం ప్రకారం రావాల్సిన దాంట్లో నిజంగా వచ్చిన వంతు) 0.70. కావాల్సిన సంఖ్య ఇదే.

సామాను: స్టీలు పీడన ట్యాంకు, నీళ్లను నెట్టే నైట్రోజన్‌ సిలిండర్‌, రెగ్యులేటర్‌, పీడనం మితిమీరితే బయటికి వదిలేసే రిలీఫ్‌ వాల్వ్‌, ఫిల్టర్‌, బాల్‌ వాల్వ్‌, బకెట్‌, 5 గ్రాముల తేడా చూపే తూకం. పీవీసీ పైపు మాత్రం వద్దు. అది పగిలితే ముక్కలై ఎగురుతుంది. పీడనం కొలిచే గేజీని ఇంజెక్టర్‌కు ఆనుకుని బిగించండి. రెగ్యులేటర్‌ మీద ఉన్న అంకెను నమ్మితే పైపులో, ఫిల్టర్‌లో పోయిన పీడనం కూడా ఇంజెక్టర్‌ ఖాతాలో పడి, గుణకం తప్పుగా తక్కువ వస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇది.

ముందు మొత్తం అమరికలో గాలి లేకుండా నీళ్లు నింపి, పనిచేసే పీడనానికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి పది నిమిషాలు ఆపండి. నీళ్లు దాదాపు నొక్కుకోవు కాబట్టి కీలు ఊడినా చినుకులే వస్తాయి. అదే గాలి అయితే పేలుడే. అసలు పరీక్షలో కూడా ట్యాంకులో నీళ్ల పైన గ్యాస్‌ చోటు వీలైనంత తక్కువ ఉంచి, మనుషులు ఎడంగా నిలబడాలి.

వాల్వ్‌ తెరిచాక ధారను కాసేపు కాలవలోకి వదలండి. గేజీ ముల్లు నిలకడగా నిలిచాక బకెట్‌ను కిందకు జరపండి, సరిగ్గా 10 సెకన్లకు తీసేయండి. వాల్వ్‌ తెరిచినప్పటి నుంచే కొలిస్తే మొదటి కుదుపు లెక్కను చెడగొడుతుంది. 3, 4, 5, 6 బార్‌ల దగ్గర మూడేసి సార్లు చేయండి. ప్రవాహాన్ని వర్గం చేసి పీడనం మీద గీస్తే సరళరేఖ రావాలి. 3 నుంచి 6 బార్‌కు వెళ్తే ప్రవాహం 1.41 రెట్లు పెరగాలి. రేఖ ఎక్కడైనా వంగితే ఆ పీడనం దగ్గర ధారను కళ్లతో చూడండి. అప్పటిదాకా గరుకుగా, తెల్లగా ఉన్న ధార ఉన్నట్టుండి గాజు కడ్డీలా నున్నగా మారిందంటే, నీళ్లు రంధ్రపు గోడను వదిలేశాయని అర్థం. గుణకం 0.6 దాకా పడిపోతుంది. రంధ్రం లోపలి అంచు మరీ పదునుగా ఉంటే ఇలా జరుగుతుంది, అంచును కొద్దిగా గుండ్రం చేస్తే పోతుంది.

ఒక ధార పక్కకు వంగితే ఆ రంధ్రం దగ్గర బర్‌ మిగిలిందేమో చూడండి. డ్రిల్‌ చేసినప్పుడు అంచున లేచే ఆ సన్నటి లోహపు ముల్లును లెన్స్‌తో చూసి, పెద్ద బిట్‌ను చేత్తో తిప్పుతూ తీసేయాలి. రంధ్రం 1 మి.మీ.కు బదులు 1.05 అయినా వైశాల్యం పది శాతం పెరుగుతుంది. అందుకే తయారయ్యాక ప్రతి రంధ్రాన్నీ పిన్‌గేజీతో (కచ్చితమైన మందం ఉన్న కొలత కడ్డీతో) కొలవాలి.

నీళ్ల అంకెను ఇంధనానికో, ద్రవ ఆక్సిజన్‌కో మార్చాలంటే, దాని సాంద్రతను నీళ్ల సాంద్రతతో భాగించి, ఆ నిష్పత్తి వర్గమూలంతో గుణించండి. ఇథనాల్‌కు 0.89, ద్రవ ఆక్సిజన్‌కు 1.07. పీడనం తేడా నీళ్లకూ, ఆ ద్రవానికీ ఒకటే ఉండాలి.

బోరు నీళ్లు వాడకండి. అందులోని సున్నం 1 మి.మీ. రంధ్రంలో పేరుకుంటుంది. శుద్ధి చేసిన నీళ్లే పోయండి. పని అయ్యాక నైట్రోజన్‌ ఊది, ఓవెన్‌లో ఆరబెట్టండి. ఆక్సిజన్‌ వైపు మిగిలిన నీటి చుక్క గడ్డకట్టి రంధ్రం మూస్తుంది. గ్రీజు మరక అయితే ఆక్సిజన్‌ తగిలి మండుతుంది. ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌తో కడిగి, తెల్లగుడ్డతో తుడిచి మరక లేదని చూసి, ఇంజిన్‌కు బిగించేదాకా శుభ్రమైన సంచిలో మూసి ఉంచండి.