ఎర మార్చే ముందు: బాస్ వేటలో తరచూ వచ్చే ఇబ్బందులు, కారణాలు, పరిష్కారాలు

బాస్ అనే మంచినీటి చేప కోసం పొద్దుటి నుంచి గాలం వేస్తున్నా ఒక్కటీ పడకపోతే చేయి మొదట ఎరల పెట్టె మీదకే పోతుంది. పచ్చది తీసి నీలంది, నీలంది తీసి నల్లది. నేనూ కొన్నేళ్లు ఇదే పని చేశాను. పెట్టె బరువెక్కింది గానీ చేపల లెక్క పెరగలేదు. మెల్లగా తెలిసొచ్చిందేమంటే, తప్పు చాలాసార్లు ఎరది కాదు. ఎరకు పైనున్న బారెడు లైన్‌ది (గాలపు దారం), ముడిది, హుక్ మొనది, కాదంటే ఆ దారం చుట్టే రీల్ మీద పెట్టాల్సినప్పుడు పెట్టని మన బొటనవేలిది. అందుకే ఇక్కడ చేతి దగ్గర మొదలుపెట్టి నీళ్లలోకి, అక్కడి నుంచి పడవ దగ్గరికి వస్తాను.

విసిరిన ప్రతిసారీ రీల్ మీద లైన్ పిచ్చుక గూడైపోతోంది

బెయిట్‌కాస్టింగ్ రీల్ (విసిరినప్పుడు లైన్ చుట్టిన చక్రం, అంటే స్పూల్, తానే తిరిగే రకం) కొన్న ప్రతివాళ్లకీ తప్పని తంతు ఇది. ఎర లైన్‌ను లాగే వేగం కన్నా స్పూల్ తిరిగే వేగం ఎక్కువైతే, వదులైన లైన్ బయటికి పోలేక స్పూల్ మీదే ఉబ్బి మెలిక పడుతుంది. ఎర నీళ్లను తాకి ఆగినా స్పూల్ మాత్రం తిరుగుతూనే ఉండటం ఒక సందర్భం. ఎదురుగాలి ఎరను మధ్యలోనే నెమ్మదింపజేయడం ఇంకొకటి. చేతిని ఒక్కసారిగా ఝాడించి విసరడం మూడోది, అన్నిటికన్నా మామూలుది.

ముందు హ్యాండిల్ పక్కనుండే చిన్న టెన్షన్ నాబ్ సరిచేయండి. వాడబోయే ఎరనే కట్టి, రాడ్ ఎత్తిపట్టి, స్పూల్ వదలండి. ఎర తనంతట తాను నెమ్మదిగా దిగాలి, నేలను తాకగానే స్పూల్ ఆగిపోవాలి. ఎర బరువు మారితే ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే. తర్వాత అవతలి పక్కనున్న బ్రేక్, అది అయస్కాంతాలదైనా, సెంట్రిఫ్యూగల్‌దైనా, మొదట్లో గట్టిగానే ఉంచండి. నాలుగు గజాల దూరం తగ్గితే కొంప మునగదు. చేయి అలవాటు పడ్డాక ఒక్కో మెట్టు తగ్గించుకోవచ్చు. ఎదురుగాలి ఉంటే తల మీదుగా కాకుండా పక్క నుంచి, నీటికి దగ్గరగా విసరండి. ఇవన్నీ చేసినా, ఎర నీటిని తాకడానికి కాస్త ముందు బొటనవేలు స్పూల్ మీద ఆనాలి. ఆ పని ఏ బ్రేకూ చేసిపెట్టదు.

గూడు పడనే పడిందనుకోండి, గోళ్లతో పీకకండి. బొటనవేలితో స్పూల్ మీది లైన్‌ను గట్టిగా అదిమిపట్టి, హ్యాండిల్‌ను రెండు మూడు చుట్లు తిప్పండి. తర్వాత స్పూల్ వదిలి లైన్‌ను మెల్లగా లాగండి. లోపల ముడిపడకుండా కేవలం ఉచ్చులుగా ఉన్న చిక్కు చాలావరకు జారి వచ్చేస్తుంది. ఎక్కడో ఆగితే మళ్లీ అదిమి, మళ్లీ తిప్పి, మళ్లీ లాగండి. కత్తెర ఆఖరి మాట. విడిపోయాక ఆ భాగాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి. ఫ్లోరోకార్బన్ లైన్ ఒకసారి గట్టిగా నొక్కుపడితే అక్కడే తెగుతుంది.

స్పిన్నింగ్ రీల్ నుంచి లైన్ ఉంగరాలు ఉంగరాలుగా ఊడిపోతోంది

స్పిన్నింగ్ రీల్‌లో విసిరినప్పుడు స్పూల్ తిరగదు, లైన్ దాని అంచు మీంచి జారిపోతుంది. ఇబ్బందికి రెండు కారణాలు. స్పూల్ నిండా అంచు దాకా చుట్టడం ఒకటి. అంచుకు 3 మిల్లీమీటర్ల దిగువనే ఆపేయాలి. రెండోది మెలి. విసిరాక హ్యాండిల్ తిప్పి బెయిల్ (లైన్‌ను స్పూల్ మీదకి నడిపే తీగ) మూసే అలవాటు మెలిని కొద్దికొద్దిగా పోగుచేస్తుంది. చేత్తో మూసి, లైన్ ఒకసారి బిగించి, అప్పుడు చుట్టండి. చేప డ్రాగ్ (గట్టిగా లాగితే లైన్‌ను జారనిచ్చే బిగింపు) లాక్కుపోతున్నప్పుడు హ్యాండిల్ తిప్పినా మెలే మిగులుతుంది. ఇప్పటికే మెలి పడి ఉంటే ఎర విప్పేసి, నడుస్తున్న పడవ వెనక ఉత్త లైన్‌ను చాలా దూరం వదిలి కాసేపు ఈడ్వండి. దాని మెలి అదే విప్పుకుంటుంది. అప్పుడు వేళ్ల మధ్య బిగువుగా పట్టి చుట్టేయండి.

అల్లిక లైన్, అదే బ్రెయిడ్, స్పూల్ మొత్తంగా జారి గిరగిరా తిరుగుతోందా? అది డ్రాగ్ లోపం కాదు. అడుగున కొన్ని చుట్లు మోనో (ఒంటి పోగు నైలాన్) లైన్ వేసి, దాని మీద బ్రెయిడ్ చుడితే పట్టు దొరుకుతుంది.

చేప పడింది, లైన్ తెగింది

"ఎంత పెద్దదో!" అని చేతులు చాపే ముందు ఒక లెక్క. అధికారికంగా నమోదైన అతిపెద్ద లార్జ్‌మౌత్ బాస్ బరువు 22 పౌండ్ల పైచిలుకు. 1932లో జార్జియాలోని మాంట్‌గొమరీ సరస్సులో జార్జ్ పెర్రీ పట్టింది ఒకటి, 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టింది ఇంకొకటి. రెంటికీ సమాన రికార్డు. మనకు రోజూ పడేవి రెండు, మూడు, నాలుగు పౌండ్లవి. వాటిలో ఒకటి 15 పౌండ్ల బలమున్న లైన్ తెంపుకుపోయిందంటే చేప బలం కన్నా మన పొరపాటే పెద్దదై ఉంటుంది.

ఏ పొరపాటో తెగిన కొసే చెబుతుంది. దాన్ని పారేయకుండా వెలుతురులో పట్టి చూడండి. కొస పంది తోకలా సన్నగా చుట్టుకుపోయి ఉంటే ముడి జారింది. గరుగ్గా, నూలు పోగులా పీచు లేచి ఉంటే రాయికో మోడుకో రాసుకుంది. నున్నగా, నిటారుగా తెగి, ముడికి ఆనుకునే ఉంటే ముడి బిగించేటప్పుడు వేడికి లైన్ కాలింది, లేదా డ్రాగ్ బిగిసిపోయి ఒక్క కుదుపుకే తెగింది.

ముడి జారితే ముడినే మార్చాలి. బ్రెయిడ్‌కి మామూలు క్లించ్ ముడి నిలవదు. పాలోమర్ నేర్చుకోండి. లైన్‌ను అరచేయంత పొడవున రెండు పేటలుగా మడిచి, ఆ మడతను హుక్ బెజ్జంలోంచి దూర్చి, వదులుగా ఒక మామూలు ముడి వేసి, మడతలోంచి హుక్ మొత్తాన్ని దాటించి, లాలాజలంతో తడిపి, రెండు కొసలూ కలిపి మెల్లగా బిగించాలి. తడపకుండా బిగిస్తే లైన్ తనను తాను రాసుకుని వేడెక్కుతుంది. ఫ్లోరోకార్బన్‌కి ఈ వేడి అసలు పడదు. ఒకసారి తెల్లారుజామున వేళ్లు కొంకర్లు పోతున్నాయని తడపకుండానే ముడి బిగించి, మొదటి విసురులోనే పడ్డ చేపను పడవ అంచు దాకా తెచ్చి పోగొట్టుకున్నాను. ఆ కొసను చాలారోజులు టోపీకి గుచ్చుకుని తిరిగాను.

రాపిడి అయితే ఎరకు పైన బారెడు లైన్‌ను గోటి మీదుగా లాగి చూడండి. గరుకు తగిలిన చోటికి పైన కోసి మళ్లీ కట్టండి. రాళ్లలో, మోడుల్లో వేస్తున్నప్పుడు ప్రతి చేప తర్వాతా ఈ పని చేయాలి. బాస్ పళ్లు మన చర్మాన్ని కోయవు గానీ ఉప్పుకాగితంలా గరుకుగా ఉండి లైన్‌ను అరగదీస్తాయి.

డ్రాగ్ సంగతి. లైన్ బలంలో పావు నుంచి మూడో వంతు మధ్య లాగుడుకి జారేలా పెట్టాలి. 12 పౌండ్ల లైన్‌కి 3, 4 పౌండ్లు. స్ప్రింగ్ తక్కెడ తగిలించి చూస్తే మన చేతి అంచనా ఎంత తప్పో తెలుస్తుంది. నాచులోంచి చేపను బలవంతంగా పైకి లాగాల్సిన చోట, 50 పౌండ్ల బ్రెయిడ్‌తో, డ్రాగ్ బాగా బిగించడం వేరే సంగతి.

ఎర ముడుతోంది, హుక్‌కి మాత్రం పడటం లేదు

మొనతో మొదలుపెట్టండి. హుక్ మొనను బొటనవేలి గోటి మీద ఏటవాలుగా ఆనించి తోయండి. గుచ్చుకుని ఆగితే పదును ఉన్నట్టు. జారిపోతే మొద్దు, మార్చేయండి.

మొన బాగుంటే ఏ ఎర అన్నదాన్ని బట్టి తప్పు మారుతుంది. టెక్సాస్ రిగ్‌లో రబ్బరు పురుగు హుక్‌ను కప్పి ఉంటుంది. మొన ఆ రబ్బరును చీల్చుకుని, ఆ తర్వాత దవడలో దిగాలి. మెత్తటి రాడ్‌తో, సాగే మోనో లైన్‌తో అది కష్టం. గట్టి రాడ్ తీసుకుని, ముందు వదులు లైన్ చుట్టేసి, అప్పుడు బలంగా ఎత్తండి. పురుగు లావుదైతే హుక్ నోరు కూడా వెడల్పుగా ఉండాలి. రబ్బరు పక్కకి తప్పుకునే చోటు లేకపోతే మొన బయటికే రాదు.

క్రాంక్‌బైట్‌కి (చుడుతుంటే నీళ్లలోకి దిగి ఊగే గట్టి ఎర) సరిగ్గా దీనికి వ్యతిరేకం. దానికుండే మూడు మొనల చిన్న హుక్కులు పైపైన గుచ్చుకుంటాయి. గట్టి రాడ్‌తో ఝాడిస్తే ఊడి వస్తాయి. వంగే రాడ్ పట్టుకుని, చుట్టడం ఆపకుండా రాడ్‌ను పక్కకి లాగితే చాలు.

ఇక కలువాకుల మీద రబ్బరు కప్ప. నీళ్లు భళ్లున పగిలి కప్ప మాయమవుతుంది, గుండె ఆగినంత పనై మనం రాడ్ ఎత్తేస్తాం, కప్ప ఎగిరొచ్చి మన మొహం మీదే పడుతుంది. శబ్దానికి కాదు, బరువుకి స్పందించాలి. కప్ప కనబడకుండా పోయాక రాడ్ కొస దించి, వదులు చుట్టి, చేప బరువు చేతికి తెలిశాకే కొట్టండి. పైగా కప్ప పొట్టలో నీళ్లు నిండి ఉంటే అది నొక్కుకోదు, హుక్కులు బయటికి రావు. అప్పుడప్పుడు పిండేస్తుండాలి.

స్పిన్నర్‌బైట్ (తిరిగే రేకులున్న ఎర) తోకను మాత్రమే కొరికి వదిలేస్తున్నాయా? అసలు హుక్ వెనక ఇంకో హుక్ తగిలించండి.

పడ్డ చేప పైకెగిరి తల విదిలించుకుని పోతోంది

బాస్ ఎగిరేదే ఇందుకు. గాలిలో తల ఆడిస్తే బరువైన ఎర ఊగి దవడలో రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. లైన్ పైకి లేస్తోందని కనబడగానే రాడ్ కొసను నీటి దాకా దించి, పక్కకి వంచి, బిగువు తగ్గకుండా చుడుతూ ఉండండి. పడవ దగ్గర చివరి గజంలో జరిగే నష్టాలకు మాత్రం డ్రాగ్ కారణం. పొట్టిగా మిగిలిన లైన్‌కి సాగే గుణం ఉండదు. అక్కడ డ్రాగ్‌ను ఒక మెట్టు వదులు చేయండి.

క్రాంక్‌బైట్ ఒక పక్కకి ఒరిగి వస్తోంది

మూతిని మీ వైపు తిప్పి పట్టుకుని, అది ఒరిగే పక్కకి ఎదురు పక్కకి లైన్ కట్టే కన్నును పట్టకారుతో వెంట్రుకవాసి వంచండి. నీళ్లలో చూసి, చాలకపోతే ఇంకో వెంట్రుకవాసి. ఎక్కువ వంచితే కన్ను వదులైపోతుంది.

అసలు ఏదీ ముట్టడమే లేదు

ఇక్కడ కూడా పెట్టె తెరిచే ముందు రెండు ప్రశ్నలు. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి? చేప ఎంత లోతులో ఉంది?

10 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువన బాస్ ఒంట్లో అన్నీ మందగిస్తాయి. మీ ఎర మంచిదే అయినా దాన్ని తరుముకొచ్చే ఓపిక దానికి ఉండదు. అదే ఎరను సగం వేగంతో, మధ్యమధ్య ఆపి, మూతి ముందు నుంచి పోనివ్వండి. 15 నుంచి 20 డిగ్రీల మధ్య అవి గుడ్లు పెట్టడానికి తీరపు లోతు తక్కువ నీళ్లకు వస్తాయి. నడి వేసవిలో మరో తిరకాసు. లోతైన సరస్సుల్లో పైన వెచ్చటి నీళ్లు, అడుగున చల్లటి నీళ్లు పొరలుగా విడిపోతాయి. ఆ పొర కింద ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఫిష్ ఫైండర్ (నీటి లోపలిది తెర మీద చూపే యంత్రం) సెన్సిటివిటీ పెంచితే తెర మీద మసకమసకగా ఒక అడ్డగీత కనబడుతుంది. దాని కింద వేసే ప్రతి విసురూ ఖాళీ బావిలో చేద వేసినట్టే.

పైన తేలే ఎర మూతి నీళ్లలోకి దిగబడి సరిగా ఆడకపోతే లైన్ చూడండి. ఫ్లోరోకార్బన్ మునిగే రకం, ఎరను కిందికి గుంజుతుంది. దానికి మోనో గానీ బ్రెయిడ్ గానీ కట్టాలి.

ట్రోలింగ్ మోటార్ మధ్యాహ్నానికే నీరసపడుతోంది

ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీతో ట్రోలింగ్ మోటార్ (పడవను నెమ్మదిగా నడిపే చిన్న కరెంటు మోటార్) నడుపుతుంటే జరిగేది ఇదే. ఆ బ్యాటరీ క్షణాల పాటు పెద్ద ఊపు ఇవ్వడానికి చేసింది, గంటల తరబడి కరిగిపోవడానికి కాదు. డీప్ సైకిల్ రకం పెట్టండి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే, కాసేపు విశ్రాంతి ఇచ్చాక మీటర్ 12.6, 12.7 చూపాలి. 12.2కి వచ్చిందంటే సగం అయిపోయింది, అంతకన్నా దింపకపోతే మంచిది. బ్యాటరీ మంచిదే అయితే వైర్ల కొసలు చూడండి. పచ్చటి తుప్పు, వదులు నట్టు శక్తినంతా వేడిగా తినేస్తాయి.

మోటార్ తిరుగుతున్న శబ్దం ఉండి పడవ కదలకపోతే ప్రొపెల్లర్ పిన్ విరిగింది. పెట్టెలో ఒకటి అదనంగా ఉంచుకోండి. ప్రొపెల్లర్ విప్పినప్పుడు దాని వెనక చుట్టుకున్న లైన్ కూడా తీసేయండి. అది సీల్‌ను కోసి లోపలికి నీళ్లు రానిస్తుంది. పెద్ద ఇంజిన్‌కీ ఇదే జరుగుతుంది. గేర్ ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే నీళ్లు చేరినట్టే, సీల్ మార్చకుండా నడపకండి.

అవుట్‌బోర్డ్ మొరాయిస్తోంది

అవుట్‌బోర్డ్, అంటే పడవ వెనక బిగించే పెద్ద ఇంజిన్, స్టార్ట్ కాకపోతే మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు మూడు చూడండి. కిల్ స్విచ్ (తాడు ఊడితే ఇంజిన్‌ను ఆపేసే స్విచ్) క్లిప్ ఊడి ఉందా, గేర్ న్యూట్రల్‌లో ఉందా, పెట్రోల్ పైపు మీది రబ్బరు బల్బు నొక్కితే గట్టిపడుతోందా. (కిల్ స్విచ్ తాడును ఒంటికి తగిలించుకోవడం అమెరికాలో 26 అడుగుల లోపు మోటార్ పడవలకు 2021 ఏప్రిల్ నుంచి చట్టం. చట్టం లేని చోటా తగిలించుకోండి.)

నడుస్తున్న ఇంజిన్ వెనక నుంచి సన్నటి నీటి ధార రావడం ఆగిపోతే వెంటనే ఆపేయండి. రంధ్రంలో మట్టో పురుగో అడ్డుపడి ఉండొచ్చు, సన్నటి తీగ పెట్టి తీయండి. అయినా రాకపోతే నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ అరిగింది. అలాగే నడిపితే ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది.

వేగంలో పడవ ముక్కు డాల్ఫిన్‌లా ఎగిరెగిరి పడుతుంటే ట్రిమ్ (ఇంజిన్ వంపు) మరీ పైకి ఉంది. ముక్కు కుదురుకునేదాకా కిందికి దించండి.

పడవలోకి నీళ్లు చేరుతున్నాయి

పగులు వెతకడానికి ముందు డ్రెయిన్ ప్లగ్ పెట్టారో లేదో చూడండి. ట్రెయిలర్ మీంచి నీళ్లలోకి దింపే తొందరలో అనుభవజ్ఞులూ మరిచేది ఇదే. పంపు వేసి, ఒడ్డు దగ్గరుంటే తిన్నగా ట్రెయిలర్ మీదకే ఎక్కించండి. నడి నీళ్లలో గుర్తొస్తే ఆగిపోకండి. పడవ వేగంగా పోతున్నంతసేపూ ఆ రంధ్రం నుంచి నీళ్లు బయటికే పోతాయి, ఆగితే లోపలికి వస్తాయి. నేను ప్లగ్‌ను, బండి తాళాన్ని ఒకే తాడుకి కట్టి ఉంచుతాను. ఇంటికి చేరగానే ప్లగ్ విప్పి తాళం పక్కనే వేలాడదీస్తాను. మర్నాడు బండి తీయాలంటే ప్లగ్ చేతికి తగలాల్సిందే.