పోలీసు అధికారిపై నిలబడే ఫిర్యాదు ఎలా రాయాలి?

"పోలీసువారు నన్ను అన్యాయంగా కొట్టి, నానా బూతులు తిట్టి, చిత్రహింసలు పెట్టినారు. కావున తమరు దయతలచి న్యాయం చేయవలసిందిగా ప్రార్థన." ఈ రెండు వాక్యాలతోనే మొదలై ముగిసిపోయే అర్జీలను నేను లెక్కలేనన్ని చూశాను. చాలావాటికి కొన్ని నెలల తర్వాత ఒకే జవాబు వస్తుంది: విచారణలో ఆరోపణలు రుజువు కాలేదు. చెప్పింది అబద్ధమై అలా రాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అనే మూడు ప్రశ్నలకు అర్జీలో సమాధానం లేకపోవడం వల్ల వస్తుంది. స్టేషన్‌లో చేయి చేసుకున్నా, అరెస్టు చూపకుండా రాత్రంతా కూర్చోబెట్టినా, ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపినా అర్జీ రాసే పద్ధతి ఒక్కటే.

కావలసిన సామగ్రి పెద్దగా ఏమీ లేదు. నాలుగు తెల్లకాగితాలు, నీలిరంగు పెన్ను, ఆధార్ జిరాక్సు, ఆ రోజు మీ ఫోన్‌లో ఉన్న కాల్ వివరాలు చాలు. అర్జీ చేతిరాతతోనే ఉండాలి, తెలుగులోనే ఉండాలి, రెండు పేజీలు దాటకూడదు. టైపు చేయించిన అర్జీ చదివితే బాధితుడి గొంతు కాక టైపిస్టు గొంతు వినిపిస్తుంది.

దెబ్బలు తగిలి ఉంటే అర్జీకంటే ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. భయపడి మెట్ల మీద జారి పడ్డానని చెప్పకుండా, ఎవరు కొట్టారో వైద్యుడికి చెప్పి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకూ కోర్టుకూ పనికివచ్చే గాయాల రికార్డుగా, నమోదు చేయించుకొని, ఓపీ చీటీ భద్రపరచుకోవాలి. రిమాండుకు తీసుకువెళ్లినప్పుడు పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా అని మేజిస్ట్రేట్ అడిగితే ఆ క్షణంలోనే చెప్పాలి. అక్కడ లేదని తల ఊపినవారు తర్వాత ఎంత రాసినా, ఆ తల ఊపడమే మొదట ఎదురొస్తుంది.

ఇక అసలు కష్టమైన పని, జరిగినదాన్ని రాయడం. నూటికి తొంభైమంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

ఇంటికి చేరిన రాత్రే, నిద్రపోకముందే, అర్జీ రూపంలో కాకుండా గంటల వారీగా ఒక చిత్తుప్రతి రాసుకోవాలి. "సాయంత్రం పూట" అనేది సమయం కాదు. తమ్ముడికి ఫోన్ చేసింది ఎన్నింటికి, టీ కొట్టు దగ్గర ఫోన్‌పేలో డబ్బు పంపింది ఎన్నింటికి, ఫోన్ లాక్కున్నాక మీకు వచ్చిన మొదటి మిస్డ్ కాల్ ఎన్నింటిది, ఇవన్నీ మీ ఫోన్‌లోనే ఉంటాయి. వాటిని మేకుల్లా పాతుకొని మిగిలిన సంఘటనలను వాటి మధ్య అమర్చండి. కచ్చితమైన నిమిషం తెలియకపోతే "6.40కి, 7.15కి మధ్య" అని రాయవచ్చు; తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడం మాత్రం కూడదు.

స్థలం కూడా అంతే. "స్టేషన్‌లో" అని వదిలేయకుండా రైటర్ (స్టేషన్ రికార్డులు రాసే కానిస్టేబుల్) గదిలోనా, ఎస్‌ఐ గదిలోనా, లాకప్ ముందున్న వరండాలోనా అన్నది రాయాలి. ప్రతి పోలీసు స్టేషన్‌లో ప్రవేశద్వారం నుంచి లాకప్ వరకూ సీసీ కెమెరాలు ఉండాలని, దృశ్యాలను 18 నెలలు, అది సాధ్యం కాకపోతే కనీసం ఏడాదిపాటు భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. ఏ గదో, ఏ సమయమో చెప్పలేని ఫిర్యాదుకు ఆ కెమెరా ఎలా ఉపయోగపడుతుంది?

అన్నిటికంటే ప్రమాదం వ్యక్తుల పేర్ల దగ్గర ఉంది. ఛాతీ మీది పేరుపట్టీ చదివి ఉంటేనే పేరు రాయాలి. చదవకపోతే "యూనిఫాం లేకుండా, గళ్లచొక్కాతో ఉన్న, సుమారు నలభై ఏళ్ల వ్యక్తి, చూస్తే గుర్తుపట్టగలను" అని రాస్తే అది బలమైన వాక్యమే. ఎవరో చెప్పారని ఒక కానిస్టేబుల్ పేరు ఊహించి రాశారనుకోండి, ఆ రోజు అతడు సెలవులో ఉన్నట్టు రిజిస్టరు చూపితే ఆ ఒక్క పేరుతో మీ మిగతా నిజాలన్నీ కూడా కొట్టుకుపోతాయి.

దెబ్బల గురించి విశేషణాలు తీసేసి క్రియలు మిగల్చండి. "చిత్రహింసలు", "గొడ్డును బాదినట్టు", "పది మంది ఇనుపరాడ్లతో" వంటి మాటలను నేను ఎర్రసిరాతో కొట్టేస్తాను. "కుడి అరికాలిపై లాఠీతో నాలుగైదుసార్లు కొట్టారు" అంటే చాలు. వైద్యుడు రెండు కమిలిన గాయాలు రాసినప్పుడు మీరు ఇరవై రాస్తే, ఆ తేడాతోనే విచారణ ముగిసిపోతుంది. తిట్ల విషయంలో మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం: "అసభ్య పదజాలం" అని మర్యాదగా దాటవేయకుండా అన్న మాటను అన్నట్టే రాయాలి. కులం పేరుతో దూషించి ఉంటే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నిలబడాలంటే ఏ మాట అన్నారు, ఎవరు వినగా అన్నారు అన్నది కావాలి. ఆ చట్టం కింద దర్యాప్తు చేసే అధికారి డీఎస్పీ హోదాకు తగ్గకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

మీ వైపు తప్పు ఉంటే అదీ రాయండి. మీరు గొంతు పెంచినా, తాగి ఉన్నా అవతలివారు ఎలాగూ చెబుతారు. మీరే ముందు చెబితే వారి చేతిలో ఆ అస్త్రం ఉండదు. పోలీసులు మీ ప్రత్యర్థి దగ్గర డబ్బు తిన్నారని మాత్రం, కళ్లారా చూస్తే తప్ప రాయవద్దు.

చివర కోరేవి మూడే ఉండాలి: ఆ స్టేషన్‌కు సంబంధం లేని అధికారితో విచారణ, ఆ సమయానికి చెందిన కెమెరా దృశ్యాలనూ, స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే జనరల్ డైరీనీ భద్రపరచడం, విచారణ ఫలితాన్ని మీకు రాతపూర్వకంగా తెలపడం. "వెంటనే సస్పెండ్ చేయాలి" అని రాయడం అనవసరం. శిక్ష నిర్ణయించడం అర్జీదారు పని కాదు.

ఈ మధ్య చాలామంది ముందు వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టి, ఆ తర్వాత అర్జీ రాస్తున్నారు. ఇది తలకిందుల పద్ధతి. కోపంలో కెమెరా ముందు చెప్పినదానికీ, కాగితం మీద రాసినదానికీ ఒక్క అంకె తేడా వచ్చినా రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పురుషుల ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉందా లేదా అని పట్టీ పెట్టి కొలిచే వ్యవస్థ, స్టేషన్ గుమ్మం ఎక్కిన మనిషితో అతడు ఎలా మాట్లాడతాడో కొలిచే సాధనం ఇంకా కనిపెట్టలేదు. ఆ లోటు ఉన్నంతకాలం మీ అర్జీలోని అంకెలే కొలబద్ద.

పంపడం తేలిక. ఎస్పీకి, నగరాల్లో అయితే పోలీసు కమిషనర్‌కు, స్పీడ్ పోస్టులో పంపి రసీదునూ, చేరినట్టు చూపే ట్రాకింగ్ ప్రింటునూ దాచుకోండి. సోమవారం గ్రీవెన్సులో చేతికిచ్చి దండం పెట్టి వచ్చినదానికంటే నాకు తపాలా రసీదే మేలు. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే దాన్ని తపాలాలో ఎస్పీకి పంపవచ్చని నేర విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173(4) సెక్షన్ చెబుతోంది. అక్కడా పని జరగకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించేటప్పుడు ఆ రసీదే ఆధారం. ముఖ్యమంత్రి నుంచి గవర్నర్ వరకూ పన్నెండు మందికి ప్రతులు పంపితే, తిరిగి తిరిగి అవన్నీ అదే ఎస్పీ కార్యాలయానికి చేరతాయి. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏర్పాటు చేయమన్న పోలీసు ఫిర్యాదుల అథారిటీ మీ రాష్ట్రంలో పనిచేస్తుంటే దానికి ఒక ప్రతి, మానవ హక్కుల కమిషన్‌కు ఒక ప్రతి చాలు. కమిషన్‌కు సంఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి. రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ చేపట్టదు కాబట్టి ఏదో ఒకటే ఎంచుకోండి.

కెమెరా దృశ్యాల కోసం అదే రోజు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఎస్పీ కార్యాలయానికి వేరే దరఖాస్తు పంపండి. దృశ్యాలను ఏడాదిపాటు దాచాలన్న ఆదేశం ఉందిగదా అని నిదానించవద్దు. 2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళం స్టేషన్‌లో దెబ్బలు తిన్న తండ్రీకొడుకులు మరణించిన కేసులో విచారణకు వెళ్లిన మేజిస్ట్రేట్, డిస్కులో చోటు ఉన్నా దృశ్యాలు ఏ రోజుకారోజు చెరిగిపోయేలా అమర్చి ఉందని హైకోర్టుకు నివేదించారు.

విచారణకు పిలుపు వచ్చినప్పుడు అర్జీ నకలు వెంట తీసుకువెళ్లి, అందులో ఉన్నదే చెప్పండి. మీ వాంగ్మూలాన్ని రాసేది మీరు కాదు, అవతలి అధికారి. అందువల్ల ప్రతి పంక్తీ చదివి, "అర్జీదారు రాజీకి ఇష్టపడ్డాడు" వంటి వాక్యం కనబడితే కొట్టివేయించి, చివరి పంక్తికీ మీ సంతకానికీ మధ్య ఖాళీ వదలకుండా, తేదీతోపాటు గంట, నిమిషం కూడా వేసి సంతకం చేయండి.