స్పిట్‌ఫైర్, హెరాల్డ్ బండ్లకు ఎనక అలైన్‌మెంట్ పోయిందా? ఇంటికాడనే చూస్కోండి

పాత ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ గానీ దాని చుట్టం మన మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్ గానీ నల్లగొండ, పాలమూరు దిక్కు ఉన్నోళ్ళు తక్కువే, ఉన్నోళ్ళది మాత్రం ఒకటే రంధి, స్టీరింగ్ వంకరగ పట్టుకుంటెనే బండి సీదా పోతది. అలైన్‌మెంట్ షాపుకు తీస్కపోతే ముందు గీరలే సెట్ చేసి పంపుతరు, మిషన్ల ఈ బండి పేరే ఉండదు కదా. రోగం ఎనకుంటే ముందు ఎంత తిప్పినా ఏం లాభం? ఎనక కొలిచేదాంక టై రాడ్ (ముందు గీరలను తిప్పే కడ్డీ) ముట్టుకోకుండ్రి.

ముందుగాల టైర్ల గాలి చూడుండ్రి. ఎనక టైరు మీద అరచెయ్యి అడ్డంగ రాస్తే ఒక దిక్కు నున్నగ, ఇంకో దిక్కు రంపం లెక్క గీసుకుంటే టో (గీర ముందంచు లోపలికో బయటికో తిరిగుండుడు) తేడా, లోపలి అంచు మాత్రమే నున్నగ అరిగితే క్యాంబర్ (గీర పైభాగం లోపలికో బయటికో ఒరిగుండుడు) తేడా. ఆక్సిలేటర్ తొక్కితే ఒక దిక్కు, ఇడిస్తే ఇంకో దిక్కు గుంజుతుందంటే రేడియస్ ఆర్మ్ (ఎనక గీర ముందుకు ఎనక్కు జరగకుండ పట్టుకునే కడ్డీ) బుష్‌లు పోయినట్టే అనుకోండి. జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, గీరను పైన కింద పట్టి ఊపండి, ప్లే ఉంటే బేరింగో, యాక్సిల్ క్రాసో (యూనివర్సల్ జాయింట్), గీర కాడి ట్రనియన్ కీలు బుష్షో పోయినట్టు, అవి మార్చకుండ కొలిస్తే ఆ కొలత దండగ.

ఇగ అసలు సంగతి. ఈ బండ్లకు ఎనక స్వింగ్ యాక్సిల్ (నడుమ కీలు మీద గీరతోపాటే పైకి కిందికి ఊగే యాక్సిల్), పైన అడ్డం కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగ్). జాకీ దించంగనే గీరలు పైన బయటికి, కింద లోపలికి ముడుచుకునే ఉంటయి, అట్లనే కొలిస్తే అన్నీ తప్పుడు లెక్కలే వస్తయి. అందుకే డ్రైవర్ సీట్ల మనిషంత బరువు బియ్యం బస్తా ఏసి, బండిని ముందుకు ఎనక్కు నూకి, ఎనక నాలుగుసార్లు అదిమి ఇడవాలె. నేల సమంగ ఉండాలె, మిర్యాలగూడ దిక్కు తెలిసినోళ్ళ రైస్ మిల్లు గోదాం దొరికితే మస్తు, లేకుంటే మేస్త్రీల నీళ్ళ పైపుతోటి మట్టం చూస్కోండి.

రెండు పక్కల స్టాండ్లకు మేస్త్రి దారం కట్టి, రెండు దారాల నడుమ దూరం ముందూ ఎనకా ఒకటే ఉండేటట్టు, హబ్ నడుమ నుంచి ఎడమా కుడీ సమంగ ఉండేటట్టు జరపాలె. దారం టైర్లకు ఆనించొద్దు, ఎందుకంటే పాత స్పిట్‌ఫైర్లకు ముందు ట్రాక్ (ఎడమ, కుడి గీరల నడుమ దూరం) 49 అంగుళాలైతే ఎనక 48, 1973 నుంచి ఎనకది ఇంకా పెరిగింది. ఇప్పుడు ఎనక రిమ్ము ముందంచు, ఎనకంచు దారానికి ఎంత దూరమో స్టీల్ స్కేల్ తోటి చూడండి. 13 అంగుళాల రిమ్ముకు 1 మి.మీ. తేడా అంటే సుమారు 10 నిమిషాల కోణం (60 నిమిషాలైతే ఒక డిగ్రీ). బండిని గీర సగం తిరిగేటంత నూకి మళ్ళ కొలవండి, లెక్క మారితే వంకర రిమ్ముదే.

ఎనక రెండు గీరలు ఎడమకో కుడికో ఒకటే దిక్కు చూస్తుంటే బండి పక్కకు నడుస్తది, స్టీరింగ్ వంకరకు కారణం అదే. స్టీరింగ్ సీదా పెట్టి ముందు హబ్ నుంచి ఎనక హబ్ దాంక రెండు పక్కలా కొలవండి, హెరాల్డ్‌కు 91.5 అంగుళాలు, స్పిట్‌ఫైర్‌కు 83, ఒక పక్క తక్కువొస్తే ఆ పక్క రేడియస్ ఆర్మ్, దాని బ్రాకెట్ చూడాలె. స్పిట్‌ఫైర్‌కు ఆ బ్రాకెట్ బాడీ రేకుకే ఉంటది, అది తుప్పు పట్టి లోపలికి పోతే ఎన్ని షిమ్‌లు (సందుల పెట్టే పల్చటి రేకు ముక్కలు) ఏసినా ఆగదు, ముందుగాల వెల్డింగే.

రేకు గట్టిగుంటే బ్రాకెట్ కింద షిమ్ ఏస్తే టో బయటికి, తీస్తే లోపలికి, ఎంత ఉండాలెనో మీ మోడల్ మాన్యువల్ చూడండి. క్యాంబర్‌కు దారానికి గుండు ఏలాడదీసి రిమ్ము పైనా కిందా కొలవాలె, రెండు పక్కలా గీరల పైభాగం బాగ లోపలికి ఒరిగితే కమాన్ కట్ట సాగిపోయినట్టు. ఆర్మ్ బోల్టులు జాకీ మీద ఉండంగ బిగించొద్దు, బండి నేల మీద కూసున్నంకనే పాన పెట్టుండ్రి, లేకుంటే కొత్త బుష్ మెలిపడి తొందరగ పోతది.