యుద్ధంలో చిక్కుకున్న హంగేరీ కుర్ర ఆర్టిస్టుల్ని చూడ్డం ఎలా: ముందు తేదీ చూడండి

మొదటి ప్రపంచయుద్ధం టైంలో హంగేరీ కుర్రాళ్ళు బొమ్మలు వేశారు, ఫొటోలు తీశారు, పత్రికలు నడిపారు. వాళ్ళని చూడాలని ఉండి ఎక్కడ మొదలెట్టాలో తెలీనివాళ్ళ కోసం ఇది. నేనైతే మొదట్లో క్యూబిజం, ఎక్స్‌ప్రెషనిజం అంటూ కళా ఉద్యమాల ఇజాలు పట్టుకుని వేలాడా, మనుషులు కనిపించలేదు. తేదీలు పట్టుకున్నాకే కనిపించారు.

ముందు పేర్ల సంగతి. హంగేరీవాళ్ళు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. బయట ఆంద్రే కెర్తేస్ అనే ఫొటోగ్రాఫర్ వాళ్ళకి కెర్తేస్ అందోర్. వెతికేటప్పుడు రెండు రకాలుగానూ కొట్టండి, లేకపోతే సగం మీ కంటపడదు.

తర్వాత నోట్‌బుక్‌లో నాలుగు తేదీలు రాసుకోండి. 1914లో యుద్ధం మొదలు, 1918 చివర్లో ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యం కూలడం, 1919 మార్చి 21 నుంచి ఆగస్టు 1 దాకా 133 రోజుల కమ్యూనిస్టు ప్రభుత్వం, 1920 జూన్ 4న ట్రియనాన్ శాంతి ఒప్పందం, దాంతో దేశంలో మూడింట రెండొంతుల నేల పోయింది. ఏ బొమ్మ చూసినా ఇది ఈ నాలుగింటిలో దేనికి ముందు, దేనికి తర్వాత అని అడగండి.

మొదటి బొమ్మగా కెర్తేస్ 1917లో హంగేరీలోని ఎస్టర్‌గోమ్ ఊళ్ళో తీసిన నీళ్ళలో ఈతగాడి ఫొటో పెట్టుకోండి. ఆయన 1894లో పుట్టాడు, చిన్న కెమెరా జేబులో పెట్టుకుని సైన్యంలోకి వెళ్ళాడు, యుద్ధం కన్నా సిపాయిలు ఖాళీగా కూర్చున్న క్షణాలే ఎక్కువ తీశాడు, 1915లో గాయపడి చాలాకాలం చెయ్యి పనిచెయ్యలేదు. ఆ కోలుకునే రోజుల్లోదే ఈ ఫొటో. అలల కింద వంకరపోయిన ఆ ఒంటిని ఊరికే అందంగా ఉందని దాటెయ్యకండి, దెబ్బతిన్న మనిషి ఒకడు ఆరోగ్యంగా ఈదే ఒంటిని గట్టుమీంచి చూస్తున్నాడని గుర్తుపెట్టుకుని చూడండి. నాకు ఎన్నిసార్లు చూసినా గొంతు పట్టేస్తుంది.

రెండోది మోహోలీ-నాగీ (వాళ్ళు పలికేది మొహొయ్-నాద్య్ అని). 1895లో పుట్టాడు, లా చదువుతూ చదువుతూ ఫిరంగిదళంలోకి వెళ్ళాల్సొచ్చింది, అక్కడ మిలిటరీ పోస్టుకార్డుల మీద వందలకొద్దీ బొమ్మలు గీశాడు. కార్డు సైజు చూడండి, అరచేతిలో పట్టేది. పెద్ద కాన్వాసు ఎందుకు లేదని అడగక్కర్లేదు కదా. తర్వాత 1923లో జర్మనీలోని బౌహౌస్ ఆర్ట్ స్కూల్లో టీచరైన మనిషి చెయ్యి ఇక్కడే సాధన చేసింది.

ఈ ఇద్దరూ అలవాటయ్యాకే కాష్షాక్ లయోష్ దగ్గరికి వెళ్ళండి, ముందే వెళ్తే కష్టం. కార్మికుడిగా బతికి రచయితైన ఈయన 1915 నవంబర్‌లో 'ఆ తెత్' అనే పత్రిక పెట్టాడు, పేరుకి అర్థం చర్య. శత్రుదేశాల రచయితల్ని కూడా వేసేసరికి 1916లో ప్రభుత్వం ఆపించింది. ఆయన వెంటనే మా అని ఇంకోటి మొదలెట్టాడు, మా అంటే ఈరోజు. దాన్ని 1919లో ఆపించింది మాత్రం కమ్యూనిస్టులే! అందుకే ఈయన్ని ఏదో ఒక పార్టీలో కూర్చోబెట్టి చదవకండి. తర్వాత వియన్నా వెళ్ళిపోయి 1920లో అక్కణ్ణించి మళ్ళీ పత్రిక తెచ్చాడు. ఆడవాళ్ళని కూడా వదలొద్దు, ఆయన చెల్లెలు ఉయ్‌వారి ఎర్జి అందులో కవితలు రాసింది, ఆ కొత్త కవిత్వాన్ని స్టేజీ మీద చదివి వినిపించింది షిమోన్ యోలాన్.

1919 కమ్యూనిస్టు ప్రభుత్వం నాటి పోస్టర్లు త్వరగా చూసెయ్యొచ్చు, బెరేన్ రోబెర్త్ వేసిన ఆయుధాలు పట్టండి అన్న పోస్టర్ ఒక్కటీ చాలు. బుడాపెస్ట్ వెళ్ళే వీలుంటే ఆ ఊళ్ళోనే ఓబుడా అనే పేటలో కాష్షాక్ మ్యూజియం ఉంది, చిన్నదే గానీ దానికోసం ఒక పూట కేటాయించండి.

చివర్లో చిత్రకారిణి అమృతా షేర్‌గిల్‌ని పెట్టుకోండి. 1913లో బుడాపెస్ట్‌లో పుట్టింది, యుద్ధమంతా హంగేరీలోనే గడిపి 1921లో ఇండియా వచ్చింది. పెద్దయ్యాక హైదరాబాద్‌లో కూడా బొమ్మలు చూపించింది. 1938లో మళ్ళీ హంగేరీ వెళ్ళి అక్కడి సంత బొమ్మ వేసింది. అది తెరిచి, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని, రెండో ప్రపంచయుద్ధం మొదలైన 1939కి ఇంకా ఎన్ని నెలలుందో లెక్కపెట్టి చూడండి.